చెయ్యి చచ్చుబడిపోతోందంటే ఎవరూ నమ్మలేదు: జె.ఆర్. రిచర్డ్‌కి అసలేం జరిగింది?

1980 జూలై 30. అమెరికాలోని హ్యూస్టన్ నగరం, ఆస్ట్రోడోమ్ స్టేడియం. మ్యాచ్ కాదు, ఉత్త ప్రాక్టీసే. ముప్పయ్యేళ్ల బేస్‌బాల్ ఆటగాడు జేమ్స్ రోడ్నీ రిచర్డ్, అందరూ జె.ఆర్. అని పిలిచే మనిషి, పాత సహచరుడు విల్బర్ హవార్డ్‌తో బంతి అటూ ఇటూ విసురుకుంటున్నాడు. కాసేపటికి ఎడమ చెవిలో సన్నగా గుయ్యిమని మోత మొదలైంది. తల తిరిగింది. ఒంట్లో ఎడమవైపు పట్టు తప్పింది. ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి ఆ ప్లాస్టిక్ పచ్చిక మీద కూలబడి పడుకుండిపోయాడు.

ఆ రాత్రే డాక్టర్లు మెడలోని ధమనిలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను తీసి ప్రాణం నిలిపారు. కానీ ఆ సీజన్‌లో అమెరికా మొత్తం మీద బ్యాటర్లు అందరికంటే ఎక్కువగా భయపడ్డ పిచర్, ఆ తర్వాత మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్ అత్యున్నత స్థాయిలో, ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఇంతవరకే అయితే ఇది ఒక దురదృష్టం కథ, పిడుగు పడ్డట్టు వచ్చిన పక్షవాతం కథ. నన్ను పట్టి కుదిపింది అది కాదు. కూలిపోవడానికి ముందు ఆరేడు వారాల నుంచీ అతను చెబుతూనే ఉన్నాడు: చెయ్యి బరువెక్కుతోంది, చచ్చుబడినట్టు అవుతోంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి అని. విన్నవాళ్లలో చాలామంది బద్ధకం అన్నారు, పొగరు అన్నారు, అలక అన్నారు. అతను చెప్పింది అక్షరాలా నిజం. మరి అంత నిజం అంతమందికి అబద్ధంలా ఎలా కనిపించింది? ఈ ప్రశ్నకు జవాబు సగం శరీరంలో ఉంది, సగం మనుషుల్లో ఉంది. రెండూ ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో తెలియకపోతే ఈ కథ అర్థం కాదు, అందుకే కాస్త ఓపిగ్గా విప్పి చెబుతాను.

ముందు ఆ మనిషి స్థాయి ఏమిటో తెలియాలి. బేస్‌బాల్ చూడనివాళ్ల కోసం ఒక్క ముక్క: పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే, కాకపోతే బంతి నేల మీద పడదు, నేరుగా బ్యాటర్ ముందు నుంచి వెనకున్న క్యాచర్ గ్లవ్‌లోకి పోవాలి, పిచర్ పరుగెత్తుకొచ్చి వెయ్యడు, చిన్న మట్టి దిబ్బ మీద నిలబడి ఒక్క అడుగు ముందుకేసి ఒంట్లో బలమంతా భుజంలోకి తెచ్చి విసురుతాడు. ఒక్క మ్యాచ్‌లో వంద బంతులకు పైగా అలా విసరడం ఆ రోజుల్లో మామూలు. బ్యాటర్ కొట్టలేకపోయిన సరైన బంతి స్ట్రైక్, అలా మూడు స్ట్రైక్‌లతో అతన్ని పంపించేస్తే అది స్ట్రైకౌట్, పిచర్‌కి అంతకు మించిన దర్పం లేదు.

రిచర్డ్ 1950లో లూసియానా రాష్ట్రంలో వియన్నా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పక్కనే ఉన్న రస్టన్‌లో హైస్కూల్ చదివాడు. బాస్కెట్‌బాల్ కూడా బ్రహ్మాండంగా ఆడేవాడు, కాలేజీలు స్కాలర్‌షిప్‌లు పట్టుకుని వెంటపడ్డాయి. అవన్నీ కాదనుకుని 1969లో బేస్‌బాల్ ఎంచుకున్నాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వరసగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, దేశం మొత్తం మీద రెండో ఎంపిక అతనే, తీసుకున్నది హ్యూస్టన్ ఆస్ట్రోస్. 1971 సెప్టెంబరు 5న శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మీద మొట్టమొదటి మేజర్ లీగ్ మ్యాచ్. 15 స్ట్రైకౌట్లు. మొదటి మ్యాచ్‌లో అన్ని తీసినవాడు అప్పటిదాకా ఒక్కడే, 1954లో కార్ల్ స్పూనర్. అవతల బ్యాట్ పట్టుకున్నవాళ్లలో ఆట చరిత్రలోనే మేటి బ్యాటర్లలో ఒకడైన విల్లీ మేస్ కూడా ఉన్నాడు, అంతటివాణ్ణి ఆ కుర్రాడు మూడుసార్లు స్ట్రైకౌట్ చేశాడు.

అయితే వెంటనే స్టార్ అయిపోలేదు. వేగం ఉంది, అదుపు లేదు. 1975లో 138 మందికి వాక్ ఇచ్చాడు, అంటే బంతి సరైన చోటికి పోక బ్యాటర్‌ని ఉత్తపుణ్యానికి బేస్ మీదికి, పరుగుల దారిలో మొదటి మజిలీకి, పంపడం, ఆ లెక్కలో ఆ ఏడాది లీగ్‌లో అతనే ముందు. కూర్చుని దాన్ని దిద్దుకున్నాడు. 1976లో 20 మ్యాచ్‌లు గెలిచాడు, బేస్‌బాల్‌లో జట్టు గెలుపోటముల్ని పిచర్ ఖాతాలో కూడా రాస్తారు. 1978లో 303 స్ట్రైకౌట్లు తీశాడు, 1900 తర్వాత నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) ఒక సీజన్‌లో 300 దాటిన మొదటి కుడిచేతి పిచర్ అతనే. 1979లో 313. ఆ పొడవు, ఆ చేతుల బారు, అడుగు ముందుకేసి వదిలితే బంతి బ్యాటర్‌కి మరీ దగ్గర్నుంచి వస్తున్నట్టు ఉండేదట. వేగం గంటకు 100 మైళ్ల దరిదాపుల్లో. ఇంకోవైపు చూస్తే (బేస్‌బాల్‌లో ఇన్నింగ్స్ అంటే ముగ్గురు ఔటయ్యేదాకా, మ్యాచ్‌కి మామూలుగా తొమ్మిది) 1976 నుంచి 1979 దాకా నాలుగేళ్లలో 1,100 ఇన్నింగ్స్‌కు పైగా వేశాడు. ఈ అంకె కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక 1980. సీజన్ సగానికి 10 గెలుపులు, 4 ఓటములు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన రన్స్ 1.90, అతని జీవితంలోనే అత్యుత్తమం. జూలై 8న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆల్‌స్టార్ మ్యాచ్‌లో నేషనల్ లీగ్ తరఫున మొదటి బంతి వేసింది అతనే, రెండు ఇన్నింగ్స్‌లో ముగ్గుర్ని స్ట్రైకౌట్ చేశాడు. సరిగ్గా ఈ వారాల్లోనే చెయ్యి బాగాలేదని చెబుతున్నాడు! మ్యాచ్ మొదట్లో దుమ్ము దులపడం, నాలుగైదు ఇన్నింగ్స్ కాగానే చెయ్యి పోయిందంటూ బయటికి వచ్చెయ్యడం. డగౌట్‌లో కూర్చున్నవాడికీ, టీవీ ముందున్నవాడికీ అది ఎలా కనిపిస్తుంది? ఇష్టమైనంతసేపు ఆడి, ఇష్టం లేనప్పుడు మానేస్తున్నట్టు కనిపిస్తుంది.

దానికి ఒక కథ కూడా సిద్ధంగా దొరికింది. అంతకుముందు చలికాలంలో ఆస్ట్రోస్ నోలన్ రయాన్‌ని తెచ్చుకున్నారు, ఏడాదికి పది లక్షల డాలర్ల ఒప్పందం, బేస్‌బాల్‌లో ఆ మెట్టు ఎక్కిన మొదటివాడు రయాన్. టెక్సాస్ బిడ్డ, తెల్లవాడు, అభిమానుల ముద్దుబిడ్డ. రిచర్డ్ నల్లవాడు, అతని జీతం అంతకంటే తక్కువ. ఇంకేముంది, రయాన్ మీద అసూయతో చెయ్యి నొప్పి నటిస్తున్నాడన్నారు. మత్తుమందుల పుకార్లు కూడా పుట్టించారు. రిచర్డ్ పత్రికలవాళ్లతో పెద్దగా కలిసిపోయే మనిషి కాదు, అడిగినదానికి ముక్తసరిగా చెప్పేవాడు, ఒక్కోసారి అదీ లేదు. అలాంటివాళ్ల మీద కథలు అల్లడం ఎప్పుడూ తేలికే.

జూలై 14న అట్లాంటా మీద అతను వేసిన చివరి మ్యాచ్. క్యాచర్ వేళ్లతో చూపించే సైగలు సరిగా కనపడలేదు. నాలుగో ఇన్నింగ్స్ కూడా పూర్తికాకుండా బయటికొచ్చాడు. అప్పుడు గానీ అతన్ని గాయపడ్డవాళ్ల జాబితాలో పెట్టలేదు.

ఇప్పుడు శరీరం సంగతి.

మీ కుడిచేత్తో ఎడమవైపు కాలర్ బోన్‌ని తడిమి చూడండి. దాని కింద, ఛాతీ పైభాగంలో మొదటి పక్కటెముక ఉంటుంది, చేతికి అందదు. ఈ రెంటి మధ్య ఇరుకైన సందు. చేతికి వెళ్లే నరాలూ, చేతికి రక్తం తీసుకెళ్లే సబ్‌క్లేవియన్ ధమనీ, తిరిగి తెచ్చే సిరా, అన్నీ మెడ పక్క కండరాలను రాసుకుంటూ ఆ దారినే పోవాలి. చెయ్యి కిందికి వేలాడుతుంటే దారి సరిపోతుంది. చెయ్యి పైకెత్తి వెనక్కి లాగితే సందు ఇంకా ఇరుకవుతుంది. చాలామందిలో అది ఇబ్బంది పెట్టే సంగతి కాదు. కానీ చిన్నప్పటి నుంచీ రోజూ ఆ భంగిమలోనే, ఒంట్లో బలమంతా పెట్టి, వేలసార్లు విసిరేవాడికి ఆ ధమని ఎముక మీద ఒరుసుకుంటూ నలుగుతూ ఉంటుంది. పైన గుర్తుపెట్టుకోమన్నానే 1,100 ఇన్నింగ్స్, ఇక్కడికి వచ్చి తగులుతుంది అది. ఈ ఇరుకుదనం వల్ల వచ్చే బాధలన్నిటికీ కలిపి థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్ అని పేరు. ఎక్కువమందిలో నలిగేది నరం. కొద్దిమందిలో సిర. ధమని నలిగే రకం అన్నిటికంటే అరుదు, అన్నిటికంటే ప్రమాదం కూడా అదే. రిచర్డ్‌ది ఆ రకం.

ధమని నలిగితే ఏమవుతుంది? లోపలి పొర గరుకెక్కుతుంది, ఒక్కోసారి గోడ బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. గరుకైన చోట రక్తం గడ్డ కడుతుంది. గడ్డ పెరిగేకొద్దీ చేతికి వెళ్లే రక్తం తగ్గుతుంది. గడ్డలోంచి ముక్కలు విడిపోయి కిందికి కొట్టుకుపోయి వేళ్ల చివర చిన్న నాళాల్లో ఇరుక్కుంటే వేళ్లు చల్లబడతాయి, తిమ్మిరెక్కుతాయి, పాలిపోతాయి.

ఇప్పుడు అసలు మెలిక. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు కండరానికి కావలసిన రక్తం తక్కువ, పెద్ద దారి మూసుకుపోతున్నా పక్కనున్న చిన్న చిన్న నాళాలు ఆ మాత్రం అందిస్తాయి. అందుకే విశ్రాంతిగా ఉన్నప్పుడు నొప్పి ఉండదు, పట్టు బాగానే ఉంటుంది, పరీక్ష చేస్తే కండరం గట్టిగానే ఉంటుంది. మొదటి పదిహేను ఇరవై బంతులు నిప్పులు చెరుగుతాయి. ఆ తర్వాత కండరం మామూలుకంటే ఎన్నో రెట్లు రక్తం అడుగుతుంది, వచ్చే దారి లేదు, చెయ్యి చచ్చుబడిపోతుంది. బయటికొచ్చి కూర్చుంటే కాసేపటికి మళ్లీ మామూలు. అంటే ఎవరైనా వచ్చి చూసే సమయానికి జబ్బు కనపడదు.

మా మేనమామకు పిక్కలో ఇదే జరిగేది. బజారుకు నడిచి వెళ్తూ సరిగ్గా మిల్లు గోడ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవాడు, పిక్క పట్టేసింది అని గోడకు చెయ్యి ఆనించి నిలబడేవాడు, రెండు నిమిషాలయ్యాక ఏమీ జరగనట్టు మళ్లీ నడిచేవాడు, కొంత దూరం పోయాక మళ్లీ అంతే. ఇంట్లో కూర్చుంటే ఏ బాధా లేదు. పనికి వంకలు పెడుతున్నాడని ఇంట్లోవాళ్లమే అనుకున్నాం, పైకి కూడా అన్నాం. చివరికి ఒక డాక్టరు పాదం మీద వేలు పెట్టి నాడి చూసి, ఇక్కడ కొట్టుకోవట్లేదమ్మా అన్నాడు. కాలి ధమని మూసుకుపోతోందట. రిచర్డ్ సంగతి చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ మిల్లు గోడ. పని చేస్తేనే వచ్చి, ఆపగానే పోయే నొప్పికి ఉన్న శాపం ఇదే, అది అచ్చం పనిదొంగతనంలా ఉంటుంది.

పైగా రిచర్డ్ విషయంలో అన్నీ అతనికి వ్యతిరేకంగానే సాక్ష్యం చెప్పాయి. అంత పెద్ద శరీరం, దానికి నీరసమేంటి అనిపిస్తుంది. 1.90 సగటు ఉన్నవాడికి చెయ్యి పోవడమేంటి అనిపిస్తుంది. అతను ఎంత గొప్పగా ఆడితే అతని మాట అంత తేలికైపోయింది. నిజానికి ఆ అంకెలు చెబుతున్నది వేరే: రక్తం సరిగా అందని చేత్తో కూడా మొదటి మూడు నాలుగు ఇన్నింగ్స్‌లో ఎవరూ అతన్ని కొట్టలేకపోయారు. ఆల్‌స్టార్ రోజుల్లోనే లాస్ ఏంజెలెస్‌లో ఒక నిపుణుడికి చూపించుకుంటే భుజం కండరాలు అలసిపోయాయన్నారు. పిచర్ భుజం అనగానే ఎవరైనా కండరం గురించీ కీలు గురించే ఆలోచిస్తారు, ముప్పయ్యేళ్ల ఆటగాడి ధమని మూసుకుపోతోందని ముందు ఎవరికి తడుతుంది?

అయితే అసలు ఎవరికీ తెలియని జబ్బు కూడా కాదు. 1962లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచర్ శాండీ కోఫాక్స్‌కి బంతి విసిరే ఎడమచేతి చూపుడువేలు తిమ్మిరెక్కి రంగు మారిపోయింది, అరచేతిలో ధమని దెబ్బతిన్నదని తేలింది, దాదాపు రెండు నెలలు ఆటకు దూరమయ్యాడు. పిచర్ వేళ్లు తిమ్మిరెక్కాయంటే రక్తం సంగతి చూడాలన్న పాఠం అప్పటికి పద్దెనిమిదేళ్ల పాతది.

జూలై 23న రిచర్డ్‌ని హ్యూస్టన్‌లో ఆసుపత్రిలో చేర్చారు. రెండు చేతులకూ బీపీ చూస్తే ఎడమచేతిలో మామూలుగా ఉంది, కుడిచేతిలో దాదాపు లేదు. 25న యాంజియోగ్రామ్ తీస్తే సబ్‌క్లేవియన్ ధమని చివర, అది చంకలోకి దిగే చోట అడ్డు కనిపించింది. అంటే అతను చెబుతున్నది నిజమని కాగితం మీద రుజువైంది. మెడలోని ధమనులు చూశారు, బాగానే ఉన్నాయన్నారు. చేతికి పక్కదారుల్లో రక్తం అందుతోంది కాబట్టి ఇప్పుడు ఆపరేషన్ అవసరం లేదని నిర్ణయించారు. డాక్టర్ల కనుసన్నల్లో మెల్లగా కసరత్తు చేసుకోవచ్చన్నారు. ఆ మెల్లగా చేసుకునే కసరత్తే జూలై 30 నాటి బంతి విసురుడు.

ఇక్కడ చాలామందికి అర్థం కానిది ఒకటుంది. అడ్డు ఉన్నది చేతికి వెళ్లే ధమనిలో, రక్తం ప్రవహించేది చేతివైపు, మరి గడ్డ మెదడుకి ఎలా పోయింది? దీనికి జవాబు కుడి ఎడమల తేడాలో ఉంది. గుండె నుంచి వచ్చే బృహద్ధమని మీద ఎడమవైపు మెడకు పోయే కెరోటిడ్ ధమని, చేతికి పోయే సబ్‌క్లేవియన్ ధమని దేనికది విడిగా మొదలవుతాయి. కుడివైపు అలా కాదు. ముందు ఒకే బోదె వస్తుంది, కొద్ది దూరం పోయాక అది రెండుగా చీలి ఒక కొమ్మ చేతికి, ఇంకో కొమ్మ మెడలోంచి మెదడుకి పోతుంది. పంట కాలువకు దిగువన తూము మూసుకుపోతే ఏం జరుగుతుందో ఊళ్లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు, నీళ్లు నిలిచిపోయి పూడిక వెనక్కి పేరుకుంటూ వస్తుంది. అలాగే చేతి ధమనిలో కదలిక లేని రక్తం గడ్డ కడుతూ, ఆ గడ్డ వెనక్కి పెరుగుతూ రెండు కొమ్మలు విడిపోయే చోటికి చేరితే, అక్కణ్ణుంచి మెదడు దారి పక్కనే. కుడి కెరోటిడ్ మూసుకుంది. కుడి మెదడు నడిపేది ఒంటి ఎడమ భాగాన్ని, అందుకే కుడిచేతి జబ్బుతో మొదలై ఎడమ పక్కన పక్షవాతంతో తేలింది. తర్వాత స్కాన్‌లో చూస్తే వచ్చింది ఒక్క స్ట్రోక్ కాదు, విడివిడిగా మూడు.

జూలై 14న క్యాచర్ సైగలు కనపడకపోవడం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు గుండె గుబుల్మంటుంది. కంటి చూపుకి కావలసిన రక్తం కూడా ఆ కెరోటిడ్ నుంచే వెళ్తుంది. ఆ రోజు చూపు మందగించడానికి అదే కారణమని నేను తేల్చి చెప్పను. కానీ చెయ్యి చచ్చుబడే మనిషి కళ్లు కూడా సరిగా కనపడట్లేదంటే, ఆ రెండు మాటల్నీ ఎవరైనా పక్కపక్కన పెట్టి చూడాల్సింది.

పడిపోయాక అందరూ నమ్మారు. పత్రికలు పశ్చాత్తాపం రాశాయి. నమ్మించడానికి చావు అంచుదాకా పోవాల్సి వచ్చిందని అతని భార్య అన్నారు. ఆ ఏడాది ఆస్ట్రోస్ డాడ్జర్స్ మీద అదనపు మ్యాచ్ ఆడి మరీ డివిజన్, అంటే లీగ్‌లో తమ విభాగం, గెలిచారు, ఫిలడెల్ఫియాతో ఐదు మ్యాచ్‌ల సిరీస్ ఐదో మ్యాచ్‌దాకా వెళ్లి ఓడిపోయారు. ఐదింటిలో నాలుగు అదనపు ఇన్నింగ్స్‌కు వెళ్లాయి. రిచర్డ్ ఉండుంటే అని హ్యూస్టన్ అభిమానులు ఇప్పటికీ అనుకుంటారు, అనుకోరా మరి.

నల్లవాడు కాబట్టే నమ్మలేదా? ఈ ప్రశ్న ఆ రోజుల్లోనే లేచింది, ఇప్పటికీ పోలేదు. నా అభిప్రాయం చెబుతాను. జబ్బు స్వభావమే మోసకారి, దానికి ఎవరైనా మోసపోవచ్చు, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ మోసపోయినవాళ్లు అర్థం కావట్లేదు, పరీక్షలు చేద్దాం అని ఆగొచ్చు. ఆగకుండా బద్ధకం, పొగరు, అసూయ, మత్తు అనే నాలుగు మాటల దగ్గరికే నేరుగా ఎందుకు పోయారు? కొండంత ఒళ్లున్న నల్లవాడు ఎక్కువ మాట్లాడకపోతే అతని గురించి అమెరికాలో తరతరాలుగా అనే మాటలు అవే. వర్ణవివక్ష జబ్బును పుట్టించలేదు, జబ్బు చుట్టూ ఉన్న అనుమానానికి మాటలు అందించింది. ఐదారు వారాలు అలా గడిచిపోయాయి, గడ్డ కట్టే జబ్బులో ఐదారు వారాలంటే చిన్న వ్యవధి కాదు.

నమ్మి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవాల్సిన పని కూడా లేదు, చూసిన ఉదాహరణ ఉంది. 1996లో న్యూయార్క్ యాంకీస్ పిచర్ డేవిడ్ కోన్‌కి బంతి విసిరే చేతి వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కాయి. మొదటి పరీక్షల్లో సంగతి తేలలేదు. లక్షణాలు పోలేదు కాబట్టి మళ్లీ పరీక్షించారు, భుజం దగ్గర ధమని ఉబ్బిందని దొరికింది. మే నెలలో ఆపరేషన్ చేసి పాడైన భాగం తీసేసి సిర ముక్కతో అతికారు. సెప్టెంబరు 2న ఓక్లాండ్‌లో తిరిగి మైదానంలోకి వచ్చి ఏడు ఇన్నింగ్స్ వేస్తే ఒక్కరు కూడా హిట్ కొట్టలేదు. ఆ ఏడాది యాంకీస్ మేజర్ లీగ్ ఛాంపియన్‌షిప్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచారు. 1999 జూలైలో అదే చేత్తో పర్‌ఫెక్ట్ గేమ్, అంటే అవతలి జట్టులో ఒక్కణ్ణి కూడా బేస్ మీదికి పోనివ్వకుండా 27 మందిని వరసగా పంపేశాడు. రెండు కేసులూ ఒకటే అనను, పదహారేళ్లలో వైద్యం మారింది, కోన్ ధమని రిచర్డ్ ధమనంత మూసుకుపోలేదు. అయినా మొదటి పరీక్షలో ఏమీ దొరక్కపోతే ఒకరి విషయంలో మళ్లీ వెతికారు, ఇంకొకరి విషయంలో మనిషినే అనుమానించారు. ఇవాళ థొరాసిక్ ఔట్‌లెట్ అన్న పేరు బేస్‌బాల్ అభిమానుల నోటికి అలవాటైన మాటే, మొదటి పక్కటెముక తీయించుకున్న పిచర్లు బోలెడంతమంది. అందరూ కోలుకోరు. మ్యాట్ హార్వీ 2016లో, స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ 2021లో చేయించుకున్నారు, ఇద్దరూ మునుపటిలా ఆడలేకపోయారు. వాళ్లది నరం నలిగే రకం, ప్రాణం మీదికి వచ్చేది కాదు.

రిచర్డ్ మళ్లీ ప్రయత్నించాడు, మామూలుగా కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంకో పెద్ద ఆపరేషన్ చేసి చేతికి రక్తం వెళ్లేలా కొత్త దారి వేశారు. నడవడం మళ్లీ నేర్చుకున్నాడు, విసరడం మళ్లీ నేర్చుకున్నాడు. 1982లో చిన్న లీగుల్లో మ్యాచ్‌లు కూడా ఆడాడు. కుడిచెయ్యి బాగుపడితే చాలదా అనిపిస్తుంది. చాలదు. కుడిచేత్తో విసిరేవాడు తన బరువంతా దింపేది ఎడమకాలి మీద. గ్లవ్ ఉండేది ఎడమచేతికి. బ్యాట్‌కి తగిలిన బంతి నేరుగా పిచర్ మొహం మీదికి దూసుకొస్తుంది, పట్టుకోవడానికో తప్పుకోవడానికో కనురెప్పపాటు సమయం. ఎడమవైపు ఒంటికి కబురు ఆలస్యంగా అందేవాడు, దూరం సరిగా అంచనా వేయలేనివాడు ఆ దిబ్బ మీద నిలబడటమే గండం. 1984లో జట్టు అతన్ని వదిలేసింది. పదేళ్ల లెక్క అక్కడితో ఆగింది: 107 గెలుపులు, 71 ఓటములు, 1,493 స్ట్రైకౌట్లు.

డాక్టర్ల మీద వేసిన దావా 12 లక్షల డాలర్ల పరిహారంతో రాజీ అయింది. ఆ డబ్బు నిలవలేదు. చమురు వ్యాపారమని నమ్మించి కొందరు లక్షల డాలర్లు ముంచారు, విడాకుల్లో కొంత పోయింది, ఇల్లు పోయింది. 1994 చలికాలానికి హ్యూస్టన్‌లోనే ఒక హైవే వంతెన కింద పడుకుంటున్నాడు. ఒకప్పుడు అతని పేరు చెబితే స్టేడియం నిండిన ఊరు అది. మరుసటి ఏడాది 45 నిండాక ఆటగాళ్ల పెన్షన్‌కు అర్హత వచ్చింది, ఒక చర్చి చేరదీసింది, తర్వాత అతనే అక్కడ ప్రబోధకుడయ్యాడు, ఇల్లు లేనివాళ్ల కోసం పనిచేశాడు, పిల్లలకు బేస్‌బాల్ నేర్పించాడు.

అతని 313 స్ట్రైకౌట్ల జట్టు రికార్డు నలభై ఏళ్లు నిలిచింది. 2019లో గెరిట్ కోల్ 326 తీసి దాన్ని దాటాడు. ఆస్ట్రోస్ తమ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టి, మొదటి విడతలోనే రిచర్డ్ పేరు చేర్చింది కూడా ఆ ఏడాదే. 2021 ఆగస్టు 4న, 71 ఏళ్ల వయసులో, హ్యూస్టన్‌లోనే కన్నుమూశాడు.